చూసేవాళ్లు లేచి వచ్చే నాటకం



అక్టోబరు నెలాఖరు వచ్చిందంటే మన సంఘాల్లో క్రిస్మస్ నాటకం పనులు మొదలవుతాయి. హేరోదు వేషానికి పోటీ ఉంటుంది. యోసేపు వేషానికి ఎవరూ ముందుకు రారు, పాపం ఆయనకు మాటలు తక్కువ. దుప్పట్లు కప్పుకున్న గొర్రెల కాపరులు, మెరుపు కాగితం అంటించిన అట్ట కిరీటాలు, మైకు దగ్గరకు వచ్చి ఒక మాట చెప్పి మళ్లీ వెనక్కు వెళ్లే జ్ఞానులు. బళ్లారిలోనైనా బరంపురంలోనైనా, షోలాపూరులోనైనా యానాంలోనైనా ఇంచుమించు ఇదే దృశ్యం. రెండు నెలల ఓపిక, చందాలు, పని నుంచి అలిసి వచ్చి కూడా రాత్రి పదింటి దాకా రిహార్సల్ చేసే కుర్రాళ్లు. ఇదంతా ఒక్క రాత్రి కోసం. ఆ తర్వాత కిరీటాలు బీరువా మీదికి ఎక్కుతాయి, మళ్లీ ఏడాదికి గానీ దిగవు.

ఈ శక్తి గురించే ఈసారి మాట్లాడాలనుకున్నాం. నాటకం మన సంఘాలకు కొత్తగా నేర్పవలసిన విద్య కాదు. దాన్ని మనం ఎక్కడ వాడుతున్నాం, ఎవరి కోసం వాడుతున్నాం అన్నదే మా ప్రశ్న.

ముందుగా ఒక సంగతి ఒప్పుకోవాలి. ఈ సంపాదకీయం ఎవరి గురించి రాస్తున్నామో వాళ్లలో చాలామంది దీన్ని చదవలేరు. చెన్నైలో ఆది ఆంధ్రులుగా పేరుపడిన పారిశుద్ధ్య కుటుంబాలు, బెంగళూరు వీధులు ఊడ్చే తెలుగు తల్లులు, ముంబయిలో కామాఠిపురకు తమ పేరే మిగిల్చిన కామాఠీల వారసులు, షోలాపూరు మగ్గాల దగ్గరి పద్మశాలీలు, గంజాం, రాయగడ, జయపురం వైపు తరతరాలుగా ఉన్నవాళ్లు. ఇంట్లో తెలుగు మాట్లాడతారు. పిల్లలు బడిలో చదివేది కన్నడమో తమిళమో మరాఠీయో ఒడియానో. యానాంలో తప్ప మిగతా చోట్ల తెలుగు అక్షరం మూడో తరానికే జారిపోయింది. బైబిలు చేతిలో పట్టుకుని, పక్కవాళ్లు చదువుతుంటే వింటూ కూర్చునే యువకులు మన సంఘాల్లో ఎంతమంది ఉన్నారో పాస్టర్లందరికీ తెలుసు. వాళ్లకు కరపత్రం ఇస్తే మడిచి జేబులో పెట్టుకుంటారు. నాటకం వేస్తే కూర్చుంటారు. తెలుగులో సగం, కన్నడలో సగం మాట్లాడినా ఎవరూ తప్పు పట్టరు, వాళ్ల ఇళ్లలో మాట అలాగే ఉంటుంది కాబట్టి.

అది నమ్మే కొన్నేళ్ల క్రితం మేము ఒక నాటకం కట్టాం. బెంగళూరు శివార్లలో తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే ఒక బస్తీ. ఊడ్చే పనివాళ్లు, చెత్త ఆటోల మీద పనిచేసేవాళ్లు, పిట్ గుంటలు తీసేవాళ్లు. రాసింది మేమే. జీతంలో కోత కోసే మేస్త్రీ, ఏమీ అనలేని ఒక అక్క, మధ్యలో ఒక పాట. చివరి సీనులో మేస్త్రీకి మారుమనస్సు కలుగుతుంది. కోసుకున్న డబ్బు తిరిగి ఇచ్చేసి మోకరిస్తాడు. అందరూ చప్పట్లు కొట్టారు. మేము చాలా సంతోషపడ్డాం. టీ తాగుతుంటే ఒక పెద్దావిడ దగ్గరకు వచ్చి మెల్లగా అంది: "నాటకం బాగుంది అయ్యగారూ. మా మేస్త్రీ కూడా ప్రతి ఆదివారం గుడికొస్తాడు."

అంతకుమించి ఆమె ఏమీ అనలేదు. అనవలసిన అవసరమూ లేదు.

ఆ రాత్రి మాకు బ్రెజిల్ నాటకకారుడు అగస్తో బోయాల్ చెప్పిన ఒక అనుభవం గుర్తుకొచ్చింది. 1960ల తొలి రోజుల్లో ఆయన బృందం ఆ దేశపు ఈశాన్య ప్రాంతంలో భూమిలేని రైతుల మధ్య నాటకాలు వేసేది. భూమి కోసం రక్తం చిందించాలని పాడుతూ, తుపాకులు పైకెత్తి నాటకం ముగించేవాళ్లు. ఒకచోట విర్జిలియో అనే రైతు కన్నీళ్లతో వచ్చి, మీరు సరిగ్గా మాలాగే ఆలోచిస్తున్నారు, భోజనం చేసి మీ తుపాకులతో రండి, మా భూమి లాక్కున్న భూస్వామి మనుషుల్ని ఇప్పుడే తరిమేద్దాం అన్నాడట. అవి చెక్క తుపాకులని నటులు నసిగారు. సరే, మాకు అసలు తుపాకులున్నాయి, మీరు రండి అన్నాడు. మేము కళాకారులం, రాలేము అన్నారు. మరైతే మీరు పాడిన ఆ రక్తం మాదే గానీ మీది కాదన్నమాట అని ఆ రైతు అర్థం చేసుకున్నాడు. తాను చేయని పనిని ఎదుటివాళ్లకు బోధించే నాటకం ఇక వేయకూడదని బోయాల్ ఆరోజే తెలుసుకున్నాడు. ప్రసంగ వేదిక ఎక్కే మనలాంటి వాళ్లకు ఈ కథ ఇంకా గట్టిగా తగలాలి.

1971లో బ్రెజిల్ సైనిక ప్రభుత్వం బోయాల్‌ను పట్టుకుని హింసించింది. ఆ తర్వాత ఆయన దేశం విడిచి వెళ్లాడు. 1973లో పెరూ దేశపు అక్షరాస్యత కార్యక్రమంలో పనిచేస్తుండగా ఇంకో సంఘటన జరిగింది. చదువురాని ఒక ఇల్లాలు. భర్త కొన్ని కాగితాలు ఇచ్చి, ఇవి ముఖ్యమైనవి, దాచమన్నాడు. దాచింది. అనుమానం వచ్చి పక్కింటామెతో చదివిస్తే అవి ఇంకో ఆడమనిషి రాసిన ప్రేమలేఖలు. ఆ రాత్రి భర్త ఇంటికొస్తే ఆమె ఏం చేయాలి? ప్రేక్షకులు చెప్పిన సలహాలను నటులు ఒక్కొక్కటే ఆడి చూపించారు. ముందు వరసలోని ఒక బలమైన స్త్రీకి ఏదీ నచ్చలేదు. అతనితో స్పష్టంగా మాట్లాడాలి అంటుంది, నటులు మాట్లాడితే ఇది కాదు అంటుంది. విసిగిపోయిన బోయాల్, అయితే నువ్వే వచ్చి చూపించమ్మా అన్నాడు. ఆమె వచ్చింది, చీపురు అందుకుంది, భర్త వేషం కట్టిన నటుణ్ణి చితకబాదింది. తర్వాత కుర్చీలో కూర్చుని, ఇప్పుడు వెళ్లి నాకు అన్నం పట్టుకురా అంది. ఆమె దృష్టిలో స్పష్టంగా మాట్లాడటం అంటే అది! (భర్తల్ని కొట్టమని మేము చెప్పడం లేదని మా ఇంట్లో కూడా ఒకసారి వివరించుకోవాల్సి వచ్చింది.)

చూసేవాళ్లు లేచి వచ్చి ఆడే నాటకం అలా పుట్టింది. ఫోరమ్ థియేటర్ అంటారు. పద్ధతి కష్టమైంది కాదు. పది పదిహేను నిమిషాల నాటకం. అందులో అణగిన మనిషి ఓడిపోతాడు, అక్కడికి ఆపేస్తారు. మళ్లీ మొదటి నుంచి ఆడతారు. ఈసారి చూసేవాళ్లలో ఎవరైనా "ఆపండి" అని, ఓడిపోయిన ఆ మనిషి స్థానంలోకి వచ్చి ఇంకోలా ఆడవచ్చు. ఎదుటి పాత్రలు అంత తేలిగ్గా లొంగవు, నిజ జీవితంలో లొంగనట్టే. మధ్యలో నడిపించేవాణ్ణి జోకర్ అంటారు. పేకముక్కల్లో జోకర్ ఏ రంగుకూ చెందనట్టు ఇతడూ ఏ పక్షం తరఫునా తీర్పు చెప్పడు, ప్రశ్నలే అడుగుతాడు. ఒక్క నియమం మాత్రం గట్టిది: పీడించేవాడి స్థానంలోకి వచ్చి వాణ్ణి మంచివాడిగా మార్చేయకూడదు. అది గారడీ అవుతుంది. మా మేస్త్రీ మారుమనస్సు అచ్చంగా అదే.

బోయాల్ తన పద్ధతికి 'పీడితుల రంగస్థలం' అని పేరు పెట్టింది పావ్లో ఫ్రెయిరె రాసిన 'పీడితుల బోధనాశాస్త్రం' స్ఫూర్తితో. ఈ ఫ్రెయిరె 1970 నుంచి పదేళ్లు జెనీవాలోని ప్రపంచ సంఘాల మండలిలో పనిచేశాడని మన వాళ్లలో చాలామందికి తెలియదు. ఈ ఆలోచనలు సంఘం గడప తొక్కనివేమీ కావు. బోయాల్ తర్వాత రియో నగర సభకు ఎన్నికై, 1993 నుంచి 1996 వరకు బస్తీల్లో వేసిన నాటకాల్లోంచే చట్టాల ప్రతిపాదనలు తీసుకున్నాడు. 13 చట్టాలు అలా వచ్చాయి. మన దేశంలో బెంగాల్ సుందరవనాల పల్లెల్లో 1985లో సంజయ్ గంగూలీ మొదలుపెట్టిన జన సంస్కృతి ఇదే పద్ధతిని కూలీలు, రైతులు, ఆడవాళ్లతో నడుపుతోంది.

వాక్యంలోనూ ఇది ఉంది. రెండవ సమూయేలు 12వ అధ్యాయం మళ్లీ తీసి చూడండి. నాతాను దావీదుకు ప్రసంగం చేయలేదు. ఒక ధనవంతుడు, ఒక పేదవాడు, ఒక ఆడ గొర్రెపిల్ల ఉన్న కథ చెప్పాడు. వింటున్న రాజు ఆగలేక కథలోకి దూరాడు, కోపంతో తీర్పు తానే చెప్పేశాడు. అప్పుడే నాతాను వేలు చూపించాడు. యిర్మీయా పెద్దల కళ్లెదుట కుండ పగలగొట్టాడు, మెడకు కాడి కట్టుకుని తిరిగాడు. యెహెజ్కేలు ఇటుక మీద యెరూషలేము పటం గీసి, దాని చుట్టూ ముట్టడి దిబ్బలు కట్టి, రోజుల తరబడి ఒక పక్కకే పడుకున్నాడు. ఈ రోజు మన వీధిలో ఎవరైనా అలా చేస్తే సంఘపు పెద్దలు ముందు డాక్టరును పిలుస్తారు.

తెలుగువాళ్లకు ఇది ఇంకా దగ్గరి విద్య. బుర్రకథలో కథకుడికి రెండు పక్కలా ఇద్దరు వంతలుంటారు. ఒకరు హాస్యం, ఒకరు రాజకీయం. కథ ఎంత గంభీరంగా సాగినా మధ్యలో ఆపి, అదెలా అని అడగడం వాళ్ల పని. 1943లో పుట్టిన ప్రజానాట్యమండలి ఆ బుర్రకథనే ఊరూరా తిప్పింది. షేక్ నాజర్ గొంతు దాన్ని ఎంత దూరం తీసుకుపోయిందో పెద్దవాళ్లు చెబుతారు. సుంకర, వాసిరెడ్డి రాసిన 'మాభూమి' నాటకాన్ని ప్రభుత్వం నిషేధించిందంటే నాటకానికి ఎవరు భయపడతారో తెలుస్తుంది. మన సంఘాలూ బుర్రకథను వాడుకున్నాయి, సువార్త కూటాల్లో యోసేపు కథ, ఎస్తేరు కథ చెప్పించాయి. వంతల్ని మాత్రం ఎక్కువగా ప్రశ్నలు అడగనివ్వలేదు.

ఇక డప్పు సంగతి. మా రెండో నాటకానికి కుర్రాళ్లు డప్పు తెచ్చారు. మొదటి దరువుకే బస్తీ అంతా బయటికొచ్చింది. ఆ ఆదివారం ఒక పెద్దాయన మమ్మల్ని పక్కకు పిలిచి, "మా తాత దీన్ని వదిలిపెట్టి దేవుడి దగ్గరకొచ్చాడు. మీరు మళ్లీ తెచ్చి మా పిల్లల మెడలో వేస్తున్నారు" అన్నారు. ఆయన్ను ఛాందసుడని కొట్టిపారేయడం మాకు తేలిక. కాని ఆయన మాటలో చరిత్ర ఉంది. 1878 జులైలో ఒంగోలు ప్రాంతంలో క్లౌ దొర కాలంలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందినప్పుడు, వాళ్లలో అత్యధికులు మాదిగలు. ఊరి జాతరలకు డప్పు కొట్టం, చచ్చిన గొడ్డు మాంసం తినం, ఆదివారం పని చేయం అనడం ఆనాడు వెట్టిని కాదనడమే. దానికి దెబ్బలు తిన్నారు, ఊరి బావులు మూతపడ్డాయి. డప్పు వదలడం వాళ్లకు విడుదల. అది వదిలినవాళ్ల మనవడికి డప్పు ఇప్పుడు కళగా కనిపించకపోతే తప్పు ఆయనది కాదు.

అయినా ఇంకో సగం కూడా చెప్పాలి. పర్లాకిమిడి ప్రాంతపు మనిషి పురుషోత్తమ చౌదరి రాసిన కీర్తనలు శాస్త్రీయ రాగాలతో సహా మన ఆరాధనలోకి వచ్చాయి, ఎవరూ అడ్డు చెప్పలేదు. హార్మోనియం వచ్చింది, తబలా వచ్చింది, ఇప్పుడు కీబోర్డూ ప్యాడ్లూ వచ్చాయి. తోలు ఒలిచి, ఆరబెట్టి, నిప్పు మీద కాచి, తరతరాలు మోగించిన మన వాద్యమే గడప బయట ఆగింది. మధురైలోని తమిళనాడు వేదాంత కళాశాలలో థియోఫిలస్ అప్పావు గారు పఱై వాద్యాన్ని, పల్లె పాటల బాణీలను ఆరాధనలోకి తెచ్చి, అవమానంగా ఎంచినదాన్నే బలిపీఠం దగ్గర పెట్టారు. దిండిగల్లులో సిస్టర్ చంద్ర నడిపిన శక్తి బృందంలో దళిత ఆడపిల్లలు పఱై మోగిస్తూ ఆడతారు, అదీ ఒకప్పుడు మగవాళ్లు మాత్రమే ముట్టుకున్న వాద్యాన్ని. ఊరు ఆజ్ఞాపిస్తే కొట్టడం వేరు, మనమే కావాలని కొట్టడం వేరు. ఈ తేడా పెద్దాయనకు చెప్పాం. ఆయన ఇంకా ఒప్పుకోలేదు. మేమూ తొందరపడటం లేదు.

రెండో నాటకాన్ని మేము రాయలేదు. బస్తీలోనే పన్నెండు మంది ఐదు వారాలు సాయంకాలాలు కూర్చుని కట్టారు. కథ వాళ్లదే. అపార్టుమెంటు పిట్ గుంట. మిషన్ రావడానికి ఆలస్యం అవుతుందని మేస్త్రీ ఇద్దరిని దిగమంటాడు. ఒకడు దిగుతాడు, ఒకడు పైన తాడు పట్టుకుంటాడు. లోపలి గాలికి దిగినవాడు పడిపోతాడు. పైనవాడు తాడు లాగుతాడు, తాడు ఖాళీగా వస్తుంది. నాటకం అక్కడ ఆగుతుంది.

ఇక్కడ మా తప్పు ఒకటి. ఆ బస్తీలో భర్తను అలాగే పోగొట్టుకున్న ఒక అక్క ఉంది. మా కార్యకర్తల్లో ఒకరు ఆమెను భార్య వేషం వేయమని అడిగారు, నిజంగా అనుభవించిన మనిషి అయితే ప్రభావం ఎక్కువని. ఆమె ఏమీ అనకుండా రిహార్సల్‌కు రావడం మానేసింది. ఇంటికి వెళ్లి క్షమించమని అడిగాం. ఎదుటివాళ్ల దుఃఖాన్ని మన వేదికకు సామగ్రిగా చూసే అలవాటు సామాజిక సేవ చేసేవాళ్లకు, సాక్ష్యాలు చెప్పించే పాస్టర్లకు చాలా తొందరగా అంటుకుంటుంది.

నాటకం రోజు ఆమె వచ్చి వెనకాల నిలబడింది. రెండోసారి ఆడుతున్నప్పుడు ఇద్దరు ముగ్గురు లేచి ప్రయత్నించారు. ఒక కుర్రాడు మేస్త్రీతో గొడవపడ్డాడు, పని పోయింది. ఇంకొకాయన మాస్కు అడిగాడు, మేస్త్రీ ముక్కుకు కట్టుకోమని చేతిరుమాలు ఇచ్చాడు. అందరూ నవ్వారు, నిజంగా అలాగే ఇస్తారట. అప్పుడు ఆమె "ఆపండి" అంది. ముందుకొచ్చి భార్య స్థానం అడగలేదు. తాడు పట్టుకున్న మనిషి స్థానం అడిగింది. తాడు చేతికి చుట్టుకుని, "నేను పట్టుకోను. నేను పట్టుకోకపోతే వాడు దిగడు" అంది. మేస్త్రీ వేషంలో ఉన్నవాడు ఊరుకోలేదు: "నువ్వు కాకపోతే ఇంకొకడు పట్టుకుంటాడు." ఆమె దగ్గర జవాబు లేదు. అలాగే నిలబడింది. చాలాసేపటికి వెనక నుంచి ఎవరో అన్నారు: "ఆ ఇంకొకడు కూడా మన వీధివాడే గదా."

ఆ తర్వాత నాటకం లేదు, మాటలే. రాత్రి పదకొండున్నర అయింది. మనుషుల చేత పాకీ పని చేయించడాన్ని, రక్షణ లేకుండా మురుగు గుంటల్లోకి దించడాన్ని నిషేధించే చట్టం 2013లోనే వచ్చిందని అక్కడున్న ఒక లాయరు చెబితే చాలామంది మొదటిసారి విన్నారు. 1993 నుంచి ఇలా చనిపోయిన వాళ్ల కుటుంబాలకు 10 లక్షల రూపాయలు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2014 మార్చిలో చెప్పింది. 2023 అక్టోబరు తీర్పులో ఆ మొత్తాన్ని 30 లక్షలు చేసింది. "ఆ డబ్బు ఎవరిని అడగాలి?" అన్న ప్రశ్న ఆ రాత్రి పదిసార్లైనా వినిపించింది. ఈ పోరాటానికి దేశమంతటా ముఖంగా నిలిచిన బెజవాడ విల్సన్ కోలారు బంగారు గనుల్లో, ఇదే పని చేసిన తెలుగు కుటుంబంలో పుట్టినవాడని, 2016లో మెగసెసే పురస్కారం అందుకున్నాడని చెప్పినప్పుడు పిల్లలు నమ్మలేనట్టు చూశారు.

ఫలితం ఏమిటని అడుగుతారు. ఆ అక్క దరఖాస్తు పెట్టింది, ఇంకా తిరుగుతోంది. ఆ వీధిలో తొమ్మిది మంది, మిషన్ లేకుండా ఎవరూ దిగకూడదని మాట అనుకున్నారు. ఇద్దరు ఆ మాట నిలుపుకోలేకపోయారు, ఇంట్లో పరిస్థితి అలాంటిది. మేస్త్రీ వేషం కట్టిన కుర్రాణ్ణి అసలు మేస్త్రీ నెల రోజులు పనికి రావద్దన్నాడు. వేషం మరీ బాగా కుదిరిందేమో! ఆ నెల ఇంటి ఖర్చుకు సంఘం నుంచి ఎంత ఇచ్చామో అది ముందే అనుకుని పక్కన పెట్టవలసిన డబ్బు. మేము అనుకోలేదు. నాటకం బడ్జెట్‌లో దుస్తులు, మైకు, భోజనాలు రాశాం గానీ పని పోతే ఎవరు ఇస్తారన్నది రాయలేదు. మొదలుపెట్టే సంఘాలు దీన్ని మొదటి వరసలో రాయండి.

ఇంతకంటే పెద్ద మూల్యాలు ఉన్నాయని మాకు తెలుసు. 1989 జనవరి 1న ఢిల్లీ పక్కన సాహిబాబాద్‌లో కార్మికుల ముందు నాటకం ఆడుతున్న సఫ్దర్ హష్మీ మీద దాడి జరిగింది. మరునాడు ఆయన చనిపోయారు. నాలుగో తేదీన భార్య మొలయశ్రీ, జన నాట్య మంచ్ బృందం అదే చోటికి వెళ్లి ఆగిపోయిన ఆ నాటకాన్ని పూర్తిచేశారు. అంత ధైర్యాన్ని ఎవరి నుంచీ అడిగే హక్కు మాకు లేదు. ఎవరి పేరూ నాటకంలో పెట్టకండి, పెట్టాలా వద్దా అన్నది పని పోగొట్టుకోగల వాళ్లనే నిర్ణయించనివ్వండి, వాళ్లు వద్దంటే ఆ రోజుకు ఆపేయండి. రాత్రికి మన ఇంటికి మనం వెళ్లిపోతాం. ఆ వీధిలో ఉండేది వాళ్లు.

సువార్తను పక్కనపెట్టి ఇదేం పరిచర్య అని అడిగే సహోదరులు ఉంటారని తెలుసు, ఉత్తరాలు కూడా వస్తాయి. రాయండి, చదువుతాం. గుంట అంచున తాడు పట్టుకుని ఒక విధవరాలు నిలబడిన ఆ కొన్ని నిమిషాల్లో సువార్త మాకు ఎక్కడా దూరంగా అనిపించలేదని మాత్రం చెప్పగలం.

ఈ ఏడాది మా సంఘంలో క్రిస్మస్ నాటకం పనులు మొదలయ్యాయి. హేరోదు వేషం ఎప్పటిలాగే ముందే ఖాయమైంది. గొర్రెల కాపరుల వేషం కట్టే ఐదుగురు కుర్రాళ్లలో ముగ్గురు రోజూ చెత్త ఆటో మీద పనిచేసేవాళ్లే. రాత్రి మంద కాసేవాళ్లం మేము కదా, దుప్పట్లు ఎందుకు, మా పని బట్టల్లోనే వస్తాం అని అడిగారు. ఇంకొకటి కూడా అడిగారు, దూతల మాట విని బేత్లెహేముకు బయలుదేరేటప్పుడు డప్పు కొట్టుకుంటూ వస్తామని. పని బట్టలకు అందరూ సరే అన్నారు. డప్పు విషయం తేల్చడానికి పెద్దలు వచ్చే ఆదివారం ఆరాధన తర్వాత కూర్చుంటున్నారు. ఆ పెద్దాయన కూడా వస్తానన్నారు.